బొమ్మల డిజైన్ కోర్సు: అట్టముక్కల దాకా బంగారం, కరెంటు దగ్గరికొచ్చేసరికి నీరసం

నా ఉద్యోగం ప్లాస్టిక్ మూతలకూ డబ్బాలకూ అచ్చులు డిజైన్ చేయడం. కంప్యూటర్లో త్రీడీ మోడల్ గీయడం నాకు కొత్త కాదు. గోడ మందం ఎంత ఉండాలో, ముక్క అచ్చులోంచి ఊడి రావాలంటే ఎంత వాలు ఇవ్వాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ మూతకు ఉన్నది ఒకటే పని, కదలకుండా కూర్చోవడం. కదిలే వస్తువు, అందులోనూ పిల్లలు విసిరికొట్టే వస్తువు చేయాలని ఎప్పటినుంచో కోరిక. అందుకే బొమ్మల డిజైన్ నేర్పి, చివరికి పనిచేసే నమూనా మన చేతే చేయిస్తామని చెప్పే ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను.

కోర్సు పేరు రాయను. కింద కొంచెం గట్టిగానే అనబోతున్నాను. పేరు లేకపోయినా, ఇలాంటి ఏ కోర్సులో చేరేవాళ్లకైనా ఏం చూసుకోవాలో తెలుస్తుంది. తీర్పు ముందే చెప్పేస్తాను: మొదటి సగం కోసం కళ్లు మూసుకుని చేరొచ్చు. రెండో సగంలో భద్రత పాఠం, పిల్లలతో చేసే పరీక్ష తప్ప మిగతావి చూడకపోయినా పెద్దగా పోయేదేం లేదు.

మొదటి పాఠంలో పెన్సిల్ కూడా పట్టనివ్వరు. ఆట అంటే ఏమిటో తేల్చుకోమంటారు. ఇలాంటి మాటలు వింటే నాకు ఆవలింతలొస్తాయి, కానీ ఇక్కడ వాళ్లు వాడిన సాధనం నిజంగా పనికొచ్చింది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో బొమ్మల డిజైన్ నేర్పిన బారీ కుడ్రోవిట్జ్, డేవిడ్ వాలెస్ తయారుచేసిన 'ప్లే పిరమిడ్' అది. నాలుగు మూలలు: ఇంద్రియాలకు హాయినిచ్చే ఆట, ఊహల ఆట, కట్టే ఆట, సవాలు విసిరే ఆట. గిలక్కాయ మొదటి మూలలో ఉంటుంది, డాక్టర్ సెట్టు రెండో మూలలో, లెగో మూడో దాంట్లో, రూబిక్ క్యూబ్ నాలుగో దాంట్లో. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. హోంవర్క్ మాత్రం గమ్మత్తుగా ఉంది: మీ ఆలోచన ఏ మూలలో ఉందో గుర్తించండి, తర్వాత దాన్ని బలవంతంగా ఇంకో మూలకు లాగండి, ఏమవుతుందో రాయండి.

నా ఆలోచన తాడు కట్టి లాగే బండి. మీద నాలుగు కప్పలు పక్కపక్కన కూర్చుని ఉంటాయి, బండి కదిలితే ఒకదాని తర్వాత ఒకటి ఎగురుతాయి. చూడ్డానికి బాగుంటుంది, టపటపమని చప్పుడొస్తుంది, అంతే. పూర్తిగా మొదటి మూల బొమ్మ. దాన్ని 'కట్టే ఆట' వైపు లాగమన్నప్పుడు వచ్చిన ప్రశ్న ఇది: ఏ కప్ప ఎప్పుడు ఎగరాలో పిల్లలే మార్చుకోగలిగితే? మిగతా కోర్సంతా నేను ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వేలాడాను.

తర్వాత పాత బొమ్మలు విప్పే పాఠం. వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే కారు, కీ ఇస్తే నడిచే బొమ్మ, ఈ రెండూ తప్పనిసరి. కారు లోపల ఒక చిన్న గేర్ ఇరుసు గుండ్రటి రంధ్రంలో కాకుండా పొడవాటి గాడిలో కూర్చుని ఉంటుంది. వెనక్కి లాగితే అది ఒక పక్కకు జారి స్ప్రింగును చుట్టే గేర్ల వరుసతో కలుస్తుంది. వదిలితే ఇంకో పక్కకు జారి వేరే వరుసతో కలుస్తుంది. రెండు వరుసల నిష్పత్తులు వేరు కాబట్టే జానెడు లాగితే గదంతా పరిగెడుతుంది. కీ బొమ్మలో 'జుర్ర్' అని వచ్చే చప్పుడు స్ప్రింగుది కాదని కూడా అక్కడే తెలిసింది. పళ్లచక్రానికి అటూ ఇటూ తగులుతూ ఊగే ఒక చిన్న ముక్క ఉంటుంది, ఆ చప్పుడు దానిదే. అది లేకపోతే స్ప్రింగు బలమంతా ఒక్క క్షణంలో ఖర్చయిపోతుంది. స్క్రూలు ఒక గిన్నెలో, ముక్కలు వరుసగా ఒక కాగితం మీద పెట్టి, పక్కన పెన్నుతో నంబర్లు వేసి ఫొటో తీయమంటారు. ఈ అలవాటు ఇప్పుడు నా ఆఫీసు పనిలోకి కూడా వచ్చేసింది.

ఇక అట్టముక్కల పాఠం. నాకు కోర్సంటే ఇదే. నియమాలు చాలా కఠినంగా ఉంటాయి. మొదటి నమూనా అట్టపెట్టె, వెదురు పుల్లలు, కాగితపు స్ట్రాలు, రబ్బరు బ్యాండ్లు, గ్లూ గన్‌తోనే చేయాలి. రంగు వేయకూడదు. త్రీడీ ప్రింటర్ ముట్టుకోకూడదు. కళ్లు, ముక్కు అతికించకూడదు. ఆ దశలో ఒకే ఒక ప్రశ్నకు జవాబు కావాలి: కదులుతుందా లేదా? వాళ్లు దీన్ని 'వర్క్స్ లైక్' నమూనా అంటారు. చూడ్డానికి అసలు బొమ్మలా ఉండి ఏ పనీ చేయనిది 'లుక్స్ లైక్'. రెండూ విడివిడిగా చేయాలి, చివరికి కలపాలి. మొదటి రోజే రెండూ ఒకే ముక్కలో సాధించాలనుకుంటే రెండూ పోతాయంటుంది పాఠం చెప్పే ఆవిడ. నా అనుభవం కూడా అదే.

దీనికి ఆవిడ చెప్పిన ఉదాహరణలు బాగా ఎంచుకున్నవి. లానీ జాన్సన్ అనే ఇంజనీర్‌కు 1982లో వేరే ప్రయోగం చేస్తుంటే నీళ్లు బలంగా చిమ్మడం చూసి నీళ్ల తుపాకీ ఆలోచన వచ్చింది. ఆయన కంపెనీకి పట్టుకెళ్లిన నమూనా మీద నీళ్ల ట్యాంకుగా కూల్‌డ్రింక్ సీసా ఉంది. ఒళ్లంతా పైపులు. కానీ గది ఈ చివర నుంచి ఆ చివరకు నీళ్లు కొట్టింది. 1990లో బజారులోకొచ్చి, మరుసటి ఏడాది సూపర్ సోకర్ అనే పేరు పెట్టుకుంది. ఎర్నో రూబిక్ 1974లో మొదట చెక్క ముక్కల్ని రబ్బరు బ్యాండ్లతో కట్టి చూశాడు. బ్యాండ్లు తెగిపోయాయి. అవి తెగబట్టే, ముక్కలు వాటి ఆకారం వల్లే ఒకదాన్నొకటి పట్టుకునేలా చేయాలన్న ఆలోచన పుట్టింది. వీటిని స్ఫూర్తి కథల్లా కాకుండా, ఏ నమూనా ఏ ప్రశ్నకు జవాబు చెప్పిందో విడమరిచి చూపించడం నాకు నచ్చింది.

నా కప్పల బండి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కోర్సు బలం ఏమిటో అక్కడే తెలుస్తుంది. ఒక ఇరుసు, రెండు చివర్లా చక్రాలు, మధ్యలో నాలుగు క్యామ్‌లు. క్యామ్ అంటే ఇక్కడ అట్టతో కోసిన బిళ్ల, రంధ్రం మధ్యలో కాకుండా పక్కకు ఉంటుంది. రంధ్రం బిళ్ల మధ్య నుంచి 8 మిల్లీమీటర్లు జరిగితే, తిరిగేటప్పుడు మీద ఆనించిన పుల్ల 16 మిల్లీమీటర్లు లేచి దిగుతుంది. ఆ పుల్ల మీద కప్ప. కాగితం మీద ఇంత తేలిక.

అట్టలో చేస్తే పుల్ల సగం దాకా లేచి బిగుసుకుపోయింది. ఎవరైనా ముందు చేసే పని పెట్టె మూతలో పుల్ల దూరే రంధ్రం పెద్దది చేయడం. చేస్తే పుల్ల ఇంకా ఎక్కువ వంగుతుంది, ఇంకా గట్టిగా బిగుస్తుంది. బీరువా సొరుగును ఒక మూల పట్టుకుని లాగితే ఇరుక్కున్నట్టే ఇదీ. దీనికి మందు సందు పెంచడం కాదు, పుల్లను పట్టుకునే గొట్టం పొడవు పెంచడం. పెట్టె మూతకున్న ఒక్క రంధ్రం బదులు ఒక స్ట్రా ముక్కను నిలబెట్టి అతికిస్తే వెన్నలా కదిలింది. లోహపు అచ్చుల్లో రెండు సగాల్ని దారి తప్పకుండా కలిపే గైడ్ పిన్నులు పొడవుగా ఎందుకు ఉంటాయో నాకు ఏళ్లుగా తెలుసు, కానీ చేతికి తెలిసింది మాత్రం ఈ స్ట్రాతోనే.

ఇంకో చిట్కా ఆవిడ అలా మాటల్లో మాటగా చెప్పి వదిలేసింది. పుల్ల అడుగున ఒక గుండ్రటి బిళ్ల అతికించి, క్యామ్‌ను దానికి సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకు పెడితే, బిళ్ల లేవడంతో పాటు గిరగిరా తిరుగుతుంది కూడా. అదనపు గేర్ లేదు, ఏమీ లేదు. నేను చివరి కప్పకు అలా పెట్టాను. మూడు బుద్ధిగా ఎగురుతుంటే ఒకటి గుండ్రంగా తిరుగుతూ ఎగురుతుంది. చూసిన ప్రతివాళ్లూ ముందు దాన్నే చూస్తారు.

తర్వాత జారుడు సమస్య. గరుకు చాప మీద బండి బాగా నడిచింది, నున్నటి నేల మీద చక్రాలు తిరగకుండా ఈడ్చుకుపోయాయి. చక్రానికి నేల మీద దొరికే పట్టు, కప్పల్ని పైకెత్తడానికి సరిపోవట్లేదన్నమాట. చక్రం అంచుకు రబ్బరు బ్యాండు వేస్తే కొంత, బండి లోపల బరువు పెడితే ఇంకొంత తేడా వచ్చింది. అసలు తేడా మాత్రం క్యామ్‌ల అమరికలో ఉంది. నాలుగూ ఒకేసారి లేచేలా పెడితే చక్రం నాలుగు కప్పల బరువునూ ఒక్కసారే మోయాలి. ఒక్కోదాన్ని పావు చుట్టు తేడాతో పెడితే కొన్ని లేస్తుంటే కొన్ని దిగుతుంటాయి, దిగేవాటి బరువు లేచేవాటికి సాయం చేస్తుంది. బండి ఒక్కసారిగా తేలికైపోయింది. ఇది పాఠంలో లేదు. నేను పంపిన వీడియో చూసి ఫీడ్‌బ్యాక్ ఇచ్చే అబ్బాయి నా ఫొటో మీదే పెన్నుతో నాలుగు బాణాలు గీసి పంపాడు, పక్కన ఒకటే మాట: "అన్నీ ఒకేసారి లేవాల్సిన అవసరముందా?" ఆ దశలో ఫీడ్‌బ్యాక్ అంటే ఇలా ఉండేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

పిల్లలతో పరీక్ష చేసే పాఠం కోర్సులో చివరికి దగ్గరగా, త్రీడీ ప్రింటింగ్ అయ్యాక వస్తుంది. ఇది వాళ్లు సరిదిద్దుకోవాల్సిన పెద్ద లోపం. నేను పాఠాల జాబితా ముందే తిరగేసే రకం కాబట్టి అట్ట బండి దశలోనే ఆ వీడియో చూసి పరీక్ష చేసేశాను. నియమం చిన్నదే: బొమ్మ చేతికివ్వండి, ఎలా ఆడాలో చెప్పకండి, నోరు మూసుకుని చేతులు ఏం చేస్తున్నాయో రాసుకోండి. నవ్వకూడదు, శభాష్ అనకూడదు. "బాగుందా?" అని అస్సలు అడగకూడదు, ఎందుకంటే పిల్లలు పెద్దవాళ్ల మొహం చూసి బాగుందనే చెబుతారు.

మా తమ్ముడి కూతురికి అయిదేళ్లు. బండి చేతికివ్వగానే తాడు వైపు చూడనే లేదు. బండిని తిరగేసి, చక్రాన్ని వేలితో తిప్పి, క్యామ్‌లు తిరగడం చూస్తూ కూర్చుంది. కప్పలు తలకిందులుగా వేలాడుతున్నాయి, దానికేం పట్టలేదు. మా తమ్ముడు ఆగలేక "అలా కాదమ్మా, తాడు పట్టుకుని లాగాలి" అన్నాడు. నేను కళ్లెర్రజేస్తే వంటింట్లోకి వెళ్లిపోయాడు. తర్వాత అది బండిని నేల మీద పెట్టి, తాడు వదిలేసి, చేత్తో వెనక్కి తోసింది. ఠక్‌మని ఆగిపోయింది.

"అత్తా, ఈ కప్ప ఎందుకు లేవట్లేదు? దీనికి జ్వరమా?"

నియమం ప్రకారం నేను జవాబు చెప్పకూడదు. చెప్పలేదు. ఇంకొంచెం గట్టిగా తోసింది, అట్ట క్యామ్ చిరిగింది.

జ్వరం కారణం ఇది. 'టప్' అని చప్పుడు రావాలని అప్పటికి నేను నత్త ఆకారం క్యామ్‌లు పెట్టాను. అవి మెల్లగా ఎత్తి, నిట్టనిలువు మెట్టు రాగానే ఒక్కసారిగా కింద పడేస్తాయి. కప్ప దూకినట్టే ఉంటుంది, భలే చప్పుడు. కానీ ఆ ఆకారం ఒకవైపే తిరగగలదు. వెనక్కి తిప్పితే ఆ మెట్టు వచ్చి పుల్లకు గోడలా అడ్డం పడుతుంది. పిల్లలు ప్రతి బండినీ వెనక్కి తోస్తారు. పాఠాల్లో నత్త క్యామ్‌ను చాలా గొప్పగా చూపించారు, ఈ ఒక్క ముక్క మాత్రం చెప్పలేదు. గుండ్రటి బిళ్ల, పక్కకు జరిగిన రంధ్రం అయితే ఎటు తిప్పినా పనిచేస్తుంది. చప్పుడు కోసం కప్పల కాళ్లు దిగేటప్పుడు మూతకు తగిలేలా చేసుకున్నాను. ఇదంతా చిరిగిపోయిన అట్ట ఖరీదుతో తెలిసింది. కోర్సు వరస ప్రకారం వెళ్లుంటే గంటల తరబడి ప్రింట్ చేసిన ముక్కలు విరిగాక తెలిసేది.

పాప బండిని తిరగేసి చూసిన సంగతి కూడా వృథా పోలేదు. తర్వాతి నమూనాలో పక్క గోడ తీసేసి క్యామ్‌లు కనబడేలా చేశాను. ఇరుసును గుండ్రంగా కాకుండా చతురస్రంగా మార్చాను. క్యామ్ రంధ్రం కూడా చతురస్రమే, కాబట్టి ఒక్కో క్యామ్‌ను నాలుగు రకాలుగా తొడగొచ్చు. అలలా ఎగరాలా, జంటగా ఎగరాలా, నాలుగూ కలిసి ఎగరాలా, పిల్లల ఇష్టం. నాలుగూ కలిపి పెడితే నున్నటి నేల మీద చక్రం జారుతుంది, అదెందుకో వాళ్లే కనుక్కోవాలి. మొదటి పాఠంలో వచ్చిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే.

త్రీడీ ప్రింటింగ్ పాఠం నాలాంటి వాళ్లకు మామూలు, కొత్తవాళ్లకు బాగుంటుంది. సాఫ్ట్‌వేర్ కోసం బ్రౌజర్‌లో ఉచితంగా నడిచే టింకర్‌క్యాడ్‌తో మొదలుపెట్టిస్తారు, మంచి పని. రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి తిరగాలంటే పక్కకు 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్ల సందు వదలాలని, రంధ్రాలు గీసినదానికంటే కాస్త చిన్నగా ప్రింట్ అవుతాయని, ముందు ఒక చిన్న ముక్క ప్రింట్ చేసి సరిచూసుకోవాలని చెబుతారు. సన్నటి పుల్లలాంటివి నిలబెట్టి ప్రింట్ చేస్తే పొరల దగ్గర పుటుక్కున విరుగుతాయి, పడుకోబెట్టి చేయాలి. ఈ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి ఎండలో ఆపిన కారులో బొమ్మ వదిలేస్తే ఇరుసు వంగిపోతుంది. ఇవన్నీ సరిగ్గానే చెప్పారు.

చెప్పనిది నా వృత్తికి సంబంధించినది, అందుకే నాకు ఒళ్లు మండింది. ప్రింటర్ మీద వచ్చిన ఆకారం ఫ్యాక్టరీలో అచ్చు మీద రాదు. అచ్చు తెరుచుకుని ముక్క బయటికి జారాలంటే నిలువు గోడలకు కనీసం ఒకటి రెండు డిగ్రీల వాలు ఉండాలి, గోడలన్నీ దాదాపు ఒకే మందంలో ఉండాలి, లోపలికి మడిచిన కొక్కేల్లాంటివి ఉంటే అచ్చు ఖర్చు అమాంతం పెరుగుతుంది. 'తయారీకి సిద్ధం' అని పేరు పెట్టిన పాఠంలో ఇందులో ఒక్క ముక్కా లేదు. లెగో ఇటుక గురించి మాత్రం, 1958లో పేటెంట్‌కు వెళ్లిన ఆ డిజైన్ ఇటుకలు ఇప్పటివాటితో కూడా కలుస్తాయని మురిసిపోతూ చెప్పారు. ఎందుకు కలుస్తాయి? అచ్చుల్లో అంత కచ్చితత్వం పాటిస్తారు కాబట్టి. అది చెప్పొచ్చు కదా.

ఎలక్ట్రానిక్స్ పాఠం గురించి రాస్తుంటే ఇప్పటికీ చిరాకేస్తుంది. ఆర్డుయినో బోర్డు (కోడ్‌తో లైట్లూ మోటార్లూ నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) కొనుక్కోమన్నారు, కోడ్ కాపీ చేసి అతికించమన్నారు, లైటు వెలిగింది. అక్కడిదాకా సరే. తర్వాత మోటారు. ఇచ్చిన సర్క్యూట్ పటంలో చిన్న డీసీ మోటారు రెండు తీగల్లో ఒకదాన్ని నేరుగా బోర్డు పిన్నుకే కలిపి చూపించారు! ఉనో ఆర్3 అనే ఆర్డుయినో బోర్డు ఒక్కో పిన్ను నుంచి 20 మిల్లీయాంపియర్ల వరకు కరెంటు తీసుకోవడం మర్యాద, 40 దాటితే చిప్పు ప్రాణానికే ముప్పు. బొమ్మల్లో వాడే చిన్న మోటారు కూడా మొదలయ్యేటప్పుడు వందల మిల్లీయాంపియర్లు లాగుతుంది. మధ్యలో మోటారుకు కరెంటు విడిగా అందించే ట్రాన్సిస్టరో మోటార్ డ్రైవరో ఉండాలి, మోటారు ఆగినప్పుడు వెనక్కి తన్నే వోల్టేజీ కోసం ఒక డయోడ్ పెట్టాలి. ఇది ఈ రంగంలో అఆఇఈ లాంటిది. ప్రశ్నల విభాగంలో రాశాను. "మా దగ్గర పనిచేసింది, మీ కనెక్షన్లు ఒకసారి చూసుకోండి" అని జవాబు. మర్యాదగా ఇంకోసారి రాస్తే జవాబే లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు బోర్డు కాల్చుకుని, తమకే ఏదో రాదనుకుని వెళ్లిపోతారు. నాకు కోపం అందుకే.

అసలు ప్రతి బొమ్మకూ కరెంటు పెట్టి తీరాలన్న పట్టుదల కూడా నాకు అర్థం కాలేదు. ఆ పాఠానికి మార్కులు రావాలంటే బొమ్మలో లైటో సౌండో తప్పదు. నా కప్పలకు అవసరం లేదు. తాడు లాగినంత సేపు ఎగురుతాయి, ఆపితే ఆగుతాయి, మెల్లగా లాగితే మెల్లగా. మార్కుల కోసం ఒక కప్ప కడుపులో లైటు పెట్టి, వీడియో తీసి పంపి, తీసేశాను.

భద్రత పాఠం దగ్గర మళ్లీ ప్రాణం లేచొచ్చింది. చెప్పింది వేరే ఆయన, బొమ్మల పరీక్షల్లో పనిచేసిన మనిషని మాట తీరే చెబుతుంది. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో విడిపోయే ఏ ముక్కా ఒక చిన్న గొట్టంలో పూర్తిగా పట్టకూడదు. ఆ గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అడుగు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి లోతు ఒకవైపు 25.4, ఇంకోవైపు 57.1. ఈ కొలతలతో గొట్టం మనమే ప్రింట్ చేసుకోవాలి, హోంవర్క్ అదే. నా కప్పలు పట్టలేదు. క్యామ్‌లు పట్టాయి! పిల్లలు క్యామ్‌లు తీసి తొడగడమే నా ఆట కాబట్టి రెండే దారులు: క్యామ్‌లు పెద్దవి చేయాలి, లేదా వయసు పెంచాలి. రెండూ చేశాను.

బొమ్మల భద్రతకు యూరప్ పెట్టుకున్న ప్రమాణం ఈఎన్ 71 నుంచి ఆయన చెప్పిన సంగతుల్లో ఒకటి నేను ఊహించనిది. కదిలే ముక్కల మధ్య సందులో 5 మిల్లీమీటర్ల కడ్డీ దూరితే, 12 మిల్లీమీటర్ల కడ్డీ కూడా దూరాలి. అంటే సందు వేలు పట్టనంత చిన్నగా అయినా ఉండాలి, నలగనంత పెద్దగా అయినా ఉండాలి, మధ్యస్తంగా ఉంటేనే ప్రమాదం. చక్రానికీ బండి గోడకూ మధ్య నేను వదిలిన సందు సరిగ్గా ఆ మధ్యస్తం. జిగురుతో అతికించిన పూస కళ్లు 90 న్యూటన్ల లాగుడుకు, అంటే సుమారు 9 కిలోలు వేలాడదీసినంత బలానికి, నిలవాలన్నారు. కళ్లను ఒంటితో కలిపే ప్రింట్ చేయడం మేలనిపించింది. 85 సెంటీమీటర్ల ఎత్తు నుంచి అయిదుసార్లు పడేసే పరీక్ష ఉంది. లాగే తాడు చివర ఉచ్చులా ముడిపడే పూసలు, గుండ్లు ఉండకూడదు. బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోపే అన్నవాహిక కాలిపోవచ్చు, అందుకే బ్యాటరీ మూతను పిల్లలు చేత్తో తీయలేకుండా స్క్రూతో బిగించాలి. బలమైన అయస్కాంతాలు రెండు మింగితే పేగుల గోడల్ని మధ్యలో ఇరికించుకుని ఒకదాన్నొకటి అతుక్కుంటాయి. ఇవి ఇంట్లో చేసుకుంటే సర్టిఫికెట్ వచ్చినట్టు కాదు, అమ్మాలంటే ల్యాబులో చేయించాల్సిందేనని కూడా ఆయన నాన్చకుండా చెప్పారు. ఇంత చెప్పిన కోర్సులోనే, ఎలక్ట్రానిక్స్ పాఠంలో బటన్ బ్యాటరీని సెల్లో టేపుతో అతికించి చూపించారు. ఒకరి వీడియో ఒకరు చూసుకోరనుకుంటా.

కంపెనీలకు ఆలోచన అమ్మడం, లైసెన్సు, రాయల్టీ అంటూ ఒక పాఠం ఉంది. నేను స్పీడు పెంచి చూశాను. ఒక పేజీలో చెప్పదగ్గ విషయాన్ని సాగదీశారు.

ఫీడ్‌బ్యాక్ గుర్తుందా? బాణాలు గీసిన అబ్బాయి అట్ట దశ తర్వాత కనబడలేదు. అక్కడి నుంచి ప్రతి హోంవర్క్‌కూ ఒకే తీరు జవాబులు: "చాలా బాగుంది, రంగుల గురించి ఇంకాస్త ఆలోచించండి." ఒకసారి కావాలనే బ్లాక్ అండ్ వైట్ స్కెచ్ పంపాను. రంగుల గురించి ఇంకాస్త ఆలోచించమన్నారు.

చేరేవాళ్లకు రెండు మాటలు. త్రీడీ ప్రింటర్ లేదని ఆగిపోకండి. అట్టపెట్టె, కట్టర్, ఇనుప స్కేలు, కోతకు అడుగున వేసే మ్యాట్, గ్లూ గన్ ఉంటే మొదటి సగం మొత్తం అయిపోతుంది. ప్రింటింగ్ బయట ఎక్కడైనా చేయించుకోవచ్చు. డబ్బు పెట్టాల్సింది మంచి కట్టర్ బ్లేడ్ల మీద. మొండి బ్లేడుతో కోసిన బిళ్ల అంచు నలిగి, పుల్ల ప్రతి చుట్టుకూ అక్కడే ఎగిరెగిరి పడుతుంది. ఎలక్ట్రానిక్స్ కావాలనుకుంటే ఆ ఒక్కటీ ఇంకెక్కడైనా నేర్చుకోండి. పిల్లల పరీక్ష వీడియో మాత్రం మొదటి వారంలోనే చూసేయండి, ఏ పాఠమూ తాళం వేసి ఉండదు. వీలైతే ఒక్కరితో ఆపకుండా వేర్వేరు వయసుల పిల్లలతో చేయండి. మూడేళ్ల పిల్లాడు మా బండిని తాడు పట్టి గుండ్రంగా గాల్లో తిప్పాడు, ఏ పాఠంలోనూ ఆ సంగతి లేదు.

కోర్సు అయిపోయాక సర్టిఫికెట్ ఇస్తారు, పీడీఎఫ్. దాని మీద నా పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. సరిచేయమని రాస్తే, మీ అభ్యర్థన అందింది, ఈలోగా మా అడ్వాన్స్‌డ్ కోర్సు చూడండి అని లింకు పంపారు.